ముదిమికి ఊరి ఆసరా

వార్ధక్యము ఎవరికిని తప్పనిది. కంటిచూపు, కాలిసత్తువ తగ్గుట ఒక యెత్తు. తగ్గిన ఆ సత్తువతోనే కష్టమును ఎదుర్కొనవలసి వచ్చుట మఱియొక యెత్తు. పంట పోవుట, తోడు పోవుట, కొడుకు దూరదేశమునకు పోవుట, చేసిన అప్పు తీఱకుండుట - ఇవి పడుచుదనమున వచ్చినచో మనుష్యుడు నడుము బిగించి పోరాడును. ముదిమిలో వచ్చినచో దిగులు లోపల గూడుకట్టుకొని నిద్రను, ఆకలిని, తుదకు దేహమును గూడ తినివేయును. అట్టి వేళ పెద్దవారిని నిలబెట్టునది ఏది? ధనమా, మందా, మనుష్యులా? ఈ ప్రశ్నకు జవాబును పెనుకొండ, ధర్మవరము, హిందూపురము సీమల చరిత్రలో వెదకవచ్చును. ఏలయన కష్టము ఈ సీమకు ఒకనాడు వచ్చిపోవు చుట్టము కాదు, కాపురమున్న మనిషి.

ఈ మూడు పట్టణములును గుంతకల్లు నుండి బెంగుళూరునకు పోవు రైలుదారిపై ఉన్నవి. చిరకాలము అనంతపురము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ నెలలో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. 1565లో రక్కసి తంగడి యుద్ధము ముగిసి విజయనగరము పాడుపడిన పిమ్మట తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. హిందూపురము బెల్లము, చింతపండు, మిరపకాయల వర్తకమునకును, ధర్మవరము పట్టుచీరలకును పేరుపడినవి. ఒకచోట సేద్యగాడు, ఒకచోట వర్తకుడును హమాలీయును, ఒకచోట నేతగాడు. వృత్తులు వేఱైనను పైనున్న ఆకాశము ఒక్కటే. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలకు ఆవలనే కురిసి తేలికపడి వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున కురిసి ఇటు చేరునప్పటికి అలసిపోవును. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఈ నేలకు దక్కును. అదియును అదనునకు దక్కుట అరుదు.

ఇట్టి నేలపై ఒంటరిగా బ్రతుకుట ఎవరికిని సాధ్యము కాదని పూర్వులు ముందే గ్రహించిరి. విజయనగర కాలమున చెఱువు త్రవ్వించినవారికిని, తెగిన కట్టను బాగుచేసినవారికిని దశబంధమను పేర మాన్యముల నిచ్చుచుండిరి. ఒకడు కట్ట వేయును. ఊరందఱు దాని నీటిని పంచుకొందురు. ఏ తూము ఎప్పుడు తెఱవవలయును, ఏ మడికి ముందు నీరు పాఱవలయును, వెనుకటి కఱవులో ఏ బావి ఎండక నిలిచినది - ఇవి కాగితములపై కంటె వృద్ధుల జ్ఞాపకములోనే ఎక్కువగా ఉండెడివి. కనుకనే రావివేపల క్రింది రచ్చకట్టపై వారికి స్థానముండెను. కాయకష్టము చేయలేనివాడు మాటకు పనికివచ్చుచుండెను. నేతగాని యింట మగ్గపుగుంతలో దిగి కూర్చుండలేని ముసలితల్లి కండెలు చుట్టుచుండెను. పల్లెయింట అవ్వ పురుడు పోయుటకును, పసిబిడ్డకు మందు నూఱుటకును, తిరుగలి యొద్ద నలుగురి కష్టసుఖములు వినుటకును ఉండెను. ముసలివారికి ఆసరా ఇచ్చుటయే గాక ముసలివారినుండి ఆసరా పొందుటయు ఆనాటి యేర్పాటులో భాగము. ఈ రెండవ మాటను మనము తఱచు మఱతుము.

అయితే గడచినదెల్ల బంగారమని చెప్పుట చరిత్రకు ద్రోహము. ఆ రచ్చకట్టపై అందఱికిని చోటు లేదు. చెఱువుకట్టకు మట్టి మోసిన మాలమాదిగల పెద్దలు దానికి ఎడముగా నిలువవలసి యుండెను. మగడు పోయిన స్త్రీకి శుభకార్యమున చోటు లేదు. కఱవు వచ్చినప్పుడు మొట్టమొదట కూలినవారు వీరే. ఆసరా అనునది కొందఱి హక్కై, మఱికొందఱికి దయాభిక్షమైనంత కాలము అది సగము కట్టిన గోడ వంటిది. దాని నీడ ఒక ప్రక్కనే పడును.

ఈ యేర్పాటునకు గట్టి పరీక్ష 1876లో వచ్చెను. అది ధాత సంవత్సరము. కావుననే దానిని ధాత కఱవనిరి. ఈ సీమ అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. అనంతపురము జిల్లా 1882లో గాని వేఱు కాలేదు. రెండు ఋతువుల వానలును తప్పినవి. పశువులు పడిపోయినవి. ధాన్యపు ధర సామాన్యునికి అందకపోయెను. 1878 వఱకు సాగిన ఆ క్షామమునకు ముందును తరువాతను జరిగిన జనాభా లెక్కలను పోల్చి చూచినచో, తరువాత అనంతపురము జిల్లాగా ఏర్పడిన భాగములో 1871 నుండి 1881 లోపల ఇంచుమించు అయిదింట ఒక వంతు జనము తగ్గినట్లు తెలియును. ఆ తగ్గినవారిలో చనిపోయినవారును కలరు, ఊరు విడిచినవారును కలరు.

ప్రభుత్వము రోడ్లు, చెఱువులు మొదలగు పనులు పెట్టి కూలి యిచ్చెను. 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్ ఆ కూలిని తగ్గించి, మగమనిషికి దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, పైన అరయణాయు చాలునని నిర్ణయించెను. మద్రాసు రాజధానిలో ఆరోగ్యశాఖ కమీషనరుగా ఉన్న డాక్టరు కార్నిష్ ఇది మనుష్యుని బ్రతికింపజాలదని గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు ప్రభుత్వము కూలిని కొంత పెంచవలసివచ్చెను. ఈ వివాదము చాలమందికి తెలిసినదే. కాని దాని ప్రక్కనే మఱియొక ప్రశ్న ఉండెను. పాఱ పట్టలేని ముసలివారి సంగతి ఏమి?

బలమున్నవారు పనులున్న చోటికి నడిచిపోయిరి. నడువలేనివారు ఇండ్లలో మిగిలిరి. వారికొఱకు రెండు విధముల సాయము పెట్టబడెను. మొదటిది శిబిరము. అక్కడ వండిన అన్నము పెట్టుదురు. కాని దానికి ఊరు విడిచి పోవలయును, ఎవరో వండినది తినవలయును, ఎఱుగనివారి నడుమ పడియుండవలయును. కులపు పట్టింపు కొంత, అభిమానము కొంత, ఇల్లు విడుచుటకు మనసొప్పకపోవుట కొంత - ఈ కారణములచేత ఎందఱో శరీరము పూర్తిగా శుష్కించు వఱకు శిబిరపు ముఖము చూడలేదు. చూచునప్పటికి అన్నము జీర్ణించుకొను శక్తియే పోయెను. జనము క్రిక్కిఱిసిన చోట కలరా, మశూచికము వ్యాపించెను.

రెండవది గ్రామములోనే ఇచ్చు సాయము. పనిచేయలేని వృద్ధులను, అంగవికలులను గుర్తించి, గ్రామాధికారుల ద్వారా వారి ఊరియందే చిన్న మొత్తము ఇప్పించుచుండిరి. దీనిలో అక్రమములు జరిగినవి. నిజముగా లేనివారి పేరు విడిచి ఉన్నవారి పేరు వ్రాసిన చోట్లును కలవు. ఐనను ముసలిమనిషి తన గడపలోనే, తన పేరుతో తన్ను పిలుచువారి నడుమనే ఉండగలిగెను. 1880లో తన నివేదికను సమర్పించిన క్షామ కమీషను, సర్ రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతను, పనిచేయలేనివారికి గ్రామములోనే సాయము చేయు పద్ధతిని సిఫారసు చేసెను. 1883 నాటి క్షామ నిబంధనలు ఆ దారినే నడచినవి. ధాత కఱవు నేర్పిన పాఠమిది: సాయమెంత అను ప్రశ్నతోపాటు అది ఎచ్చటికి, ఎవరి చేతిమీదుగా, ఏ మర్యాదతో వచ్చినదను ప్రశ్నకును ప్రాణమంత విలువ గలదు.

ఆ కమీషనే కఱవుసీమలకు ధాన్యము చేరవేయుటకు రైలుదారులు అత్యవసరమనియు చెప్పెను. 1892-93 సంవత్సరములలో ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగుళూరునకు బండి నడచెను. ధాన్యము రాదను భయము తగ్గెను. కాని దారికి రెండు కొనలుండును గదా! తిండిగింజలను తెచ్చిన రైలే పనికై పోవు బిడ్డలను తీసికొనిపోసాగెను. హిందూపురము నుండి బెంగుళూరు నూఱు కిలోమీటర్ల పైచిలుకు దూరము. ఆకలిచావును తప్పించిన ఆ దారియే క్రమముగా ఒంటరితనమునకును దారి అయ్యెను. ఇది ఎవరి తప్పును కాదు. బ్రతుకుతెరువు ఉన్న చోటికి బిడ్డలు పోక తప్పదు. కాని వెనుక మిగిలినవారి లెక్కను ఎవరో ఒకరు చూడవలయును.

తరువాతి పెద్ద పరీక్ష 1951-52లో వచ్చెను. రాయలసీమలో వరుసగా వానలు తప్పి బావులు ఎండినవి. మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారి ముఖ్యమంత్రిగా నున్న 1952లో సైనికులను పంపి బావులు లోతు చేయించిరి. పల్లెపల్లెన గంజి కేంద్రములు వెలసినవి. దానిని గంజి కఱవని నేటికిని వాడుక. ధాత కఱవునాటి శిబిరమునకును ఈ గంజి కేంద్రమునకును ఉన్న భేదము గమనింపదగినది. కేంద్రము ఊరిలోనే ఉన్నది. గంజి త్రాగిన ముసలివాడు రాత్రి తన యింటనే పడుకొనెను. మంది ఎక్కువైతే మజ్జిగ పలుచన యని మన సామెత. నిజమే, పలుచనగును. కాని కఱవునాడు పలుచని గంజిని పదిమందితో కూడి త్రాగినవానికి, తానొక్కడే చెడిపోలేదను ఊరట దక్కును. ఆ ఊరటను ఏ తూకపురాతితోను తూచలేము.

తూచలేమని మనమనుకొన్న దానిని ఈ కాలపు శాస్త్రజ్ఞులు ఒక విధముగా తూచి చూపిరి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున అలమీడా అను ప్రాంతములో సుమారు 7 వేలమందిని 1965 నుండి తొమ్మిది సంవత్సరములు గమనించిరి. బర్క్‌మన్, సైమ్ అను ఇరువురు పండితులు 1979లో దాని ఫలితమును ప్రకటించిరి. భార్యాభర్తలు, బంధువులు, స్నేహితులు, భజనసంఘముల వంటి కూటములు - ఇట్టి సంబంధములు మిక్కిలి తక్కువగా ఉన్నవారిలో మరణములు, అవి సమృద్ధిగా ఉన్నవారిలో కంటె రెట్టింపునకు మించి యుండెను. ఆరోగ్యము, పొగత్రాగుట మొదలగు భేదములను లెక్కలోనికి తీసికొన్న తరువాతను ఈ సంబంధము నిలిచెను. 2010లో హోల్ట్-లన్‌స్టాడ్ అను విదుషీమణియు, ఆమె సహచరులును ఇట్టి 148 పరిశోధనలను ఒకచోట చేర్చిరి. అందు 3 లక్షలకు పైగా మనుష్యుల వివరములు గలవు. బలమైన సంబంధములు గలవారు జీవించియుండు అవకాశము ఇతరులకంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు ఉన్నదని తేలెను.

ఇది ఎట్లు జరుగును? భయము, చింత కలిగినప్పుడు గుండె వేగముగా కొట్టుకొనును, రక్తపుపోటు పెరుగును, కార్టిసాల్ అను రసము రక్తములోనికి వచ్చును. పులి ఎదురైనప్పుడు పరుగెత్తుటకు ఇది ఉపయోగమే. కాని అప్పు, ఒంటరితనము, రోగభయము - ఇవి వచ్చిపోవు పులులు కావు. నట్టింట పండుకొన్న పులులు. దినదినము ఆ రసము పాఱుచుండినచో నిద్ర చెడును, రోగమును ఎదుర్కొను శక్తి తఱుగును. పక్కన నమ్మకమైన మనిషి ఉన్నాడని తెలిసినప్పుడు అదే కష్టము అంత భయంకరముగా కనబడదు. కోహెన్, విల్స్ అను పండితులు 1985లో ఈ విషయమును విచారించి, పదిమంది ఆసరా కష్టమునకును దేహమునకును నడుమ దిండువలె పనిచేయునని వివరించిరి. దెబ్బ తగులకపోదు, తగిలినది ఎముక వఱకు పోదు.

ఆసరా అన్నను ఒక్కటే కాదు. మాటసాయము ఒకటి: కూర్చుండి వినుట. చేతిసాయము ఒకటి: ఆసుపత్రికి తోడుపోవుట, బిందెడు నీరు తెచ్చుట. తెలివిసాయము ఒకటి: ఏ కాగితము ఏ కచేరిలో ఇయ్యవలయునో చెప్పుట. మందు తెచ్చువాడు లేక బాధపడువానికి ఓదార్పు చాలదు. భార్యను పోగొట్టుకొన్నవానికి మందు చాలదు. ఏ కష్టమునకు ఏ సాయమో ఎఱిగి చేయుటయే వివేకము.

వీటన్నిటికంటె ఆశ్చర్యకరమైన సంగతి ఒకటి కలదు. అమెరికాలోనే మిచిగన్ రాష్ట్రమున 423 వృద్ధదంపతులను ఐదు సంవత్సరములు గమనించి 2003లో ప్రకటించిన పరిశోధనలో, ఇతరులకు సాయము చేసిన వృద్ధులలో మరణములు తక్కువగా నుండెను. సాయము పొందుటవలన మాత్రము అట్టి మేలు కనబడలేదు. అనగా కండెలు చుట్టిన ముసలితల్లియు, తూముల లెక్క చెప్పిన తాతయు ఊరికి మాత్రమే మేలు చేయలేదు. తమ ఆయువును గూడ కాపాడుకొనిరి. నీవు కష్టపడవద్దు, ఊరక కూర్చుండుమని ప్రేమతో చెప్పు బిడ్డలు ఈ మాట ఆలోచింపవలయును. ఊరక కూర్చుండబెట్టుట అన్ని వేళల ఆదరణ కాదు.

ఇక నేటి స్థితి. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము నిరుపేద వృద్ధులకు నెలకు 75 రూపాయల పింఛను ఆరంభించెను. ఆంధ్రప్రదేశమున ఆ మొత్తము క్రమముగా పెరిగి 2024 జూలై నుండి 4,000 రూపాయలైనది. చేనేతవారికి 50 ఏండ్లకే అది వర్తించును. నెల మొదట దానిని ఇంటికే తెచ్చి యిచ్చుచున్నారు. ధాత కఱవులో నేర్చిన పాఠమునకు, అనగా సాయము గడపకే రావలయుననుటకు, ఇది చక్కని ఫలము. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము క్రింద, ఆదరింపని సంతానముపై రెవిన్యూ డివిజనల్ అధికారి యొద్ద చెప్పుకొనవచ్చును. పోషింతుమను షరతుతో ఆస్తి వ్రాయించుకొని మాట తప్పినచో ఆ దస్తావేజును రద్దు చేయించుకొనుటకును అందు వీలు కలదు. వృద్ధుల సహాయమునకు 14567 అను ఉచిత టెలిఫోను సంఖ్యయు ఉన్నది.

ఇవన్నియు మెచ్చదగినవే. నాలుగువేల రూపాయలు చేతనుండిన అవ్వకు ఇంటిలో మాట చెల్లును. మందుకై కొడుకు ముఖము చూడనక్కఱలేదు. కాని పింఛను తెచ్చినవాడు వేలిముద్ర తీసికొని పోవును. తక్కిన ఇరువదితొమ్మిది దినములు ఆ తలుపు తట్టువారెవరు? బోరుబావులు ఎండి, వేరుసెనగ పంట పోయి, 1990ల చివరినుండి ఈ జిల్లాలో ఎందఱో రైతులు ప్రాణము తీసికొనిరి. ధర్మవరపు మగ్గములయందును అట్టి విషాదములు జరిగినవి. కొడుకును కోల్పోయి మనుమల భారము మోయుచున్న తల్లిదండ్రులకు చింత ఎట్టిదో చెప్పనక్కఱలేదు. 2019లో పెనుకొండ చెంత మోటారుకార్ల కర్మాగారము వచ్చినది. కొందఱికి ఇంటిదగ్గఱనే పని దొరకినది. ఐనను బెంగుళూరి దారి పట్టువారు తగ్గలేదు. పల్లెలో తాళము వేసిన ఇండ్లును, తాళము వేయకున్నను మాట వినబడని ఇండ్లును పెరుగుచున్నవి.

ఈ సీమ చరిత్రనుండి పెద్దలు గ్రహింపదగిన విషయములు నాకు మూడుగా తోచుచున్నవి. మొదటిది, కష్టమును చెప్పుకొనుట చిన్నతనము కాదు. అభిమానముచేత శిబిరము చేరక ఇంటనే శుష్కించినవారి కథ మనయెదుట ఉన్నది. ఆకలి దాచుకొన్నవాడు ఆనాడు చెడెను. దిగులు దాచుకొన్నవాడు నేడు చెడుచున్నాడు. నిద్రపట్టకున్నను, బ్రతుకుమీద విరక్తి తోచినను, ఒక్కరితోనైన చెప్పవలయును, వైద్యునికిని చూపవలయును.

రెండవది, చేతనైన పనిని విడువరాదు. చెక్కభజనకు తాళము వేయుట, బడిపిల్లలకు లెక్కలు చెప్పుట, ఏ చెఱువుకాలువ ఎక్కడ పూడినదో పంచాయతీకి చూపుట, తనకంటె ముసలివానిని పలుకరించి వచ్చుట - ఇవి చిన్నపనులే. చిన్నపనులే మనుష్యుని ఊరితో కట్టివేయు దారములు. పడుగు ఎంత గట్టిదైనను పేక లేనిదే బట్ట కాదని ధర్మవరమువారికి వేఱుగ చెప్పనేల?

మూడవది, రచ్చకట్టను వెడల్పు చేయవలయును. మునుపు ఎవరికి చోటు లేకుండెనో వారిని పిలిచి కూర్చుండబెట్టవలయును. ఊరి చివరనున్న ముసలమ్మను, బిడ్డలు లేని విధవరాలిని, మగ్గము మూతబడిన నేతగానిని ఎవరు ఏ దినమున చూచి రావలయునో పెద్దలే ఒక వరుస పెట్టుకొనవచ్చును. దీనికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కఱలేదు, చందాయు అక్కఱలేదు. వారమునకు ఒకసారి ఒక గడప తొక్కుటకు ఓపిక ఉన్న నలుగురు చాలుదురు. ఈ సీమలో వాన మన చేతిలో ఎన్నడును లేదు. పొరుగింటి తలుపు మాత్రము ఎన్నడును మన చేతికి అందని దూరమున లేదు.